సాస్-ఫే స్కీ ప్యాకేజీ కొనేవాళ్లు ముందు వోచర్‌లో పిన్‌కోడ్ చూడండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామంది వచ్చే చలికాలం సెలవులకి స్విట్జర్లాండ్ స్కీ ట్రిప్పులు వెతుక్కుంటున్నారు. మేం మొన్న ఫిబ్రవరి హాఫ్ టర్మ్‌లో వెళ్లి మోసపోయి వచ్చాం. అదే ప్యాకేజీ, అవే ఫొటోలతో ఇప్పుడు మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు పెట్టడం లేదు. పేరు తెలియకపోయినా మీరు జాగ్రత్తపడటానికి కావాల్సినదంతా ఇందులో ఉంది.

ప్రకటనలో ఉన్నది ఇదీ: కార్లు తిరగని ప్రశాంతమైన ఊరు సాస్-ఫే, మంచుకొండల ఒడిలో ఐదు రాత్రులు బస, స్కీ పాస్ (కొండెక్కే లిఫ్టుల టికెట్), స్టేషన్ నుంచి వ్యాన్, అన్నీ కలిపి ఆరుగురికి 3,400 పౌండ్లు. హాఫ్ టర్మ్ వారంలో స్విట్జర్లాండ్‌లో ఆ ధర అంటేనే నాకు అనుమానం రావాల్సింది. మనవాడే, తెలుగులో మాట్లాడుతున్నాడు, "మీరేం టెన్షన్ పడకండక్కా, అంతా నేను చూసుకుంటా" అంటున్నాడు అని నమ్మేశాం.

ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం మా అమ్మ. తెనాలి నుంచి వచ్చింది, షెంగెన్ వీసా హైదరాబాద్‌లోనే తీసుకుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. స్కీయింగ్ మాకు, ఊళ్లో భయం లేకుండా తిరగడం అమ్మకీ, మా ఎనిమిదేళ్ల పాపకీ అనుకున్నాం. సాస్-ఫే నిజంగా అలాంటి ఊరే. వలే రాష్ట్రంలో, 1,800 మీటర్ల ఎత్తున, ఫే హిమానీనదం కిందే ఉంటుంది. 1951లో రోడ్డు వచ్చినా దాన్ని ఊరి మొదట్లోనే ఆపేశారు. కార్లన్నీ అక్కడి పార్కింగ్‌లో వదిలేయాలి, లోపల చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లే తిరుగుతాయి. చుట్టూ నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు. వాటిలో డోమ్ అయితే 4,545 మీటర్లు.

విస్ప్ స్టేషన్‌లో రైలు దిగాం. చెప్పినట్టే వ్యాన్ వచ్చింది. ముప్పావుగంట కొండదారిలో వెళ్లి, ఒక మూడంతస్తుల బిల్డింగ్ ముందు ఆగింది. డ్రైవర్ సామాను దించి వెళ్లిపోయాడు. మా ముందు నుంచే కార్లు, బస్సులు, సామాన్ల లారీ ఒకటి వెళ్తున్నాయి. టైర్ల కింద నలిగిన మంచునీళ్లు పెట్టెల మీద పడుతుంటే పాప నా చెయ్యి లాగి, "అమ్మా, కార్లు ఉండవన్నావుగా" అంది.

అప్పుడు తీశాను వోచర్. పైన సాస్-ఫే అని పెద్ద అక్షరాలు. అట్టడుగున చిన్న అక్షరాల్లో అడ్రస్, అందులో 3910 అనే అంకె. సాస్-ఫే పిన్‌కోడ్ 3906. మమ్మల్ని దింపిన 3910 సాస్-గ్రుండ్. అది లోయ అడుగున, 1,560 మీటర్ల దగ్గర, రోడ్డు పక్కన ఉండే వేరే ఊరు. ఆ లోయలో సాస్ అనే పేరుతో నాలుగు ఊళ్లు ఉన్నాయి: ఫే, గ్రుండ్, ఆల్మగెల్, బాలెన్. కార్లు తిరగని ఊరిగా మాకు అమ్మింది ఫేని. సాస్-గ్రుండ్ చెడ్డ ఊరని అనడం లేదు. ఆ ఊరే కావాలనుకుని, ఆ ఊరి ధరకి వెళ్లేవాళ్లు హాయిగా ఉండొచ్చు. మేం డబ్బు కట్టింది దానికి కాదు.

ప్యాకేజీ అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "అదే లోయ కదక్కా, బస్సులో పది నిమిషాలే" అన్నాడు. పది నిమిషాలే, నిజం. కానీ పొద్దున్నే స్కీ బూట్లతో, కర్రలతో కిక్కిరిసిన బస్సులో, మోకాళ్లు పట్టేసిన అమ్మని నిలబెట్టి తీసుకెళ్లడం ఎలా ఉంటుందో ఒక్కరోజు చూస్తే తెలుస్తుంది. రెండో రోజు నుంచి అమ్మ రానంది. గదిలో కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తూ గడిపింది. నాకు డబ్బు పోయిందన్న దానికంటే ఇదే ఎక్కువ బాధ.

రెండో మోసం స్కీ పాస్‌లో. మొదటి రోజు సాస్-ఫేలో ఆల్పిన్ ఎక్స్‌ప్రెస్ లిఫ్టు దగ్గర పాస్ ఆనిస్తే గేటు తెరుచుకోలేదు. మా వెనక పెద్ద లైను. కౌంటర్‌లో అమ్మాయి కార్డు చూసి, ఇది సాస్-గ్రుండ్ వైపున్న హోసాస్ కొండకి మాత్రమే, ఇక్కడ పనిచేయదు అని ఓపిగ్గా చెప్పింది. హోసాస్ కూడా 3,100 మీటర్లు దాటి వెళ్తుంది, మంచి కొండే. కానీ ప్రకటనలో ఫొటోలన్నీ ఫే హిమానీనదానివి. ఆ రోజుకి మళ్లీ సొంత డబ్బుతో టికెట్లు కొన్నాం. అందుకే పాస్ ఇస్తామంటే సరిపోదు. ఏ కొండకి, ఎన్ని రోజులకి, ఏ లిఫ్టులకి పనిచేస్తుందో రాసిమ్మనండి. మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్తుంటే స్కీలు, బూట్లు, నేర్పే క్లాసు ధరలో ఉన్నాయా అని విడిగా అడగండి. మాకు అవేవీ లేవు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. ఆల్పిన్ ఎక్స్‌ప్రెస్‌లో 3,000 మీటర్ల దగ్గరున్న ఫెల్స్‌కిన్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి 1984 నుంచి నడుస్తున్న మెట్రో ఆల్పిన్ అనే సొరంగం రైలెక్కితే మిట్టెల్‌అలాలిన్‌లో తేలతాం. అది దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. గంట కూడా పట్టదు. పైకి వెళ్లగానే అమ్మకి తలనొప్పి, ఆయాసం మొదలయ్యాయి. పది నిమిషాలు కూర్చోబెట్టి వెంటనే కిందకి తెచ్చేస్తే తగ్గింది. ప్రకటనలో "పెద్దవాళ్లకి అనుకూలం" అని మాత్రమే ఉంది. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎక్కించకండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. మా మరిదికి హోసాస్‌లో మోకాలు మెలిపడి, రెస్క్యూ వాళ్లు స్లెడ్జి మీద కిందకి తెచ్చారు. స్విట్జర్లాండ్‌లో దానికి బిల్లు వేస్తారు. ఆయన తీసుకున్న మామూలు ట్రావెల్ పాలసీలో వింటర్ స్పోర్ట్స్ లేదు, మొత్తం చేతి నుంచే కట్టాడు.

డబ్బు వెనక్కి అడిగితే వారం రోజులు "చూస్తానక్కా" అన్నాడు. తర్వాత నన్ను గ్రూపులోంచి తీసేశాడు. ఐదు శాతం తగ్గుతుందని బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాం. ఇక్కడి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలో సెక్షన్ 75 ఉంది. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్నదాన్ని అమ్మేవాళ్ల దగ్గరే నేరుగా క్రెడిట్ కార్డుతో కొంటే, చెప్పింది ఇవ్వనప్పుడు కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. అడ్వాన్సు ఒక్కటి కార్డు మీద కట్టినా మొత్తానికి వర్తిస్తుంది. అడ్వాన్సైనా కార్డు మీద కట్టి ఉంటే మాకు ఆ దారి ఉండేది. విమానం టికెట్లు కూడా కలిపి ప్యాకేజీగా అమ్మేవాళ్లనైతే అటోల్ (ATOL) సర్టిఫికెట్ అడగండి, అమ్మిన కంపెనీ మూతపడితే మీ డబ్బుకి రక్షణ అదే. ఇవ్వనంటే అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

నిజంగా 3906లోనే గది ఇస్తామన్నా, బస్సు దిగే చోటు నుంచి ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోండి. కార్లు లేని ఊరు కాబట్టి ఏ వ్యాన్ అయినా ఊరి మొదట్లోనే ఆగుతుంది. అక్కణ్నుంచి గడ్డకట్టిన సందుల్లో పెట్టెలు మీరే లాగాలా, లేక హోటల్ వాళ్లు ఎలక్ట్రిక్ బండి పంపిస్తారా, దానికి వేరే డబ్బు ఉందా అని ముందే అడగండి. టూరిస్ట్ ట్యాక్స్, చివర్లో క్లీనింగ్ చార్జీ ధరలో ఉన్నాయో లేవో కూడా. మా దగ్గర ఆ రెండూ తాళం ఇచ్చేటప్పుడు వేరుగా తీసుకున్నారు.

చివరి రోజు అమ్మని బతిమాలి సాస్-ఫే తీసుకెళ్లాం, స్కీలు లేకుండా. సందుల్లో రాతి పలకల మీద నిలబెట్టిన నల్లటి చెక్క కొట్లు కనిపించాయి. ఎలకలు ఎక్కకుండా ఆ పలకలు పెట్టారని చెబితే, "మన గాదెల్లాంటివేనే" అని అమ్మ చెక్క మీద చెయ్యి వేసి చూసింది. పాప నడివీధిలో మంచుముద్దలు చేసుకుంటూ ఆడింది, ఎవరూ దాన్ని పక్కకి లాగాల్సిన అవసరం రాలేదు. మేం డబ్బు కట్టిన ఐదు రోజుల్లో మాకు దక్కింది ఆ రెండు గంటలు.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లుంటే ఈ రాత్రే వోచర్ తీసి అడ్రస్ చూడండి. 3910 అని ఉంటే మిగతా డబ్బు పంపకండి. సాస్-ఫేలో హోటల్ పేరు, వీధి, 3906 పిన్‌కోడ్, పాస్ వివరాలు మెయిల్‌లో ఇమ్మనండి. ఆ మెయిల్ వచ్చాక ఆ హోటల్‌కి మీరే ఫోన్ చేసి, మీ పేరు మీద బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి.