కొత్త వరస విన్నాక ఏది మేలు: పాడి చూపించడమా, రాసి పంపడమా, అడగడమా?

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. రాత్రి పది దాటాక ల్యాప్‌టాప్‌కి చిన్న కీబోర్డు తగిలించుకుని వరసలు కడుతుంటాడు. రెండేళ్ల కిందట ఓ ఆదివారం పొద్దున్నే నాకో పాట పంపాడు. మాటలూ వాడివే, వరసా వాడిదే, గొంతూ వాడిదే. కింద ఒకటే ముక్క: “మామయ్యా, ఎలా ఉందో చెప్పు.”

నేను కాకినాడలో పాతికేళ్లుగా భజన మండలిలో హార్మోనియం వాయిస్తున్నాను. హారతి పాటకి సొంత వరస కట్టుకున్న గృహిణులు, స్కూలు వార్షికోత్సవానికి పాట చేసిన టీచర్లు, రిటైరయ్యాక పద్యాలకి బాణీలు కడుతున్న పెద్దలు చాలామంది వచ్చి నా దగ్గర కూర్చున్నారు. అందరూ అడిగేది ఈ ఒక్క మాటే. జవాబు చెప్పడానికి మూడు దారులు పట్టి చూశాను. మూడూ ఒకటి కావు. ఒకచోట పనికొచ్చింది ఇంకోచోట ఆ మనిషిని పాటకే దూరం చేస్తుంది.

“బాగుంది” అని ఊరుకోవడాన్ని నేను దారిగా లెక్కపెట్టను. కుటుంబం గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు ఇరవై వస్తాయి. కట్టినవాడికి వాటితో ఆ పూటకి సంతోషం, మర్నాటికి అదే అయోమయం.

మొదటిది పాడి చూపించడం. మన సంగీతమంతా నోటి నుంచి నోటికి వచ్చిందే. గురువుగారు పాడతారు, శిష్యుడు అందుకుంటాడు, తప్పితే ఆయన మళ్లీ పాడతారు. కర్ణాటక సంగీతంలో సాధనకి పాడే వర్ణం లాంటిది నేర్పాలంటే దీన్ని మించిన పద్ధతి లేదు, ఎందుకంటే అక్కడ ఒరవడి గురువుగారి గొంతులో ఉంది. సొంత వరస సంగతి వేరు. ఒరవడి కట్టినవాడి మనసులో ఉంది, నాకు తెలియదు. నేను పాడి చూపించానంటే అక్కడ వినిపించేది నా వరస.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మా ఆఫీసులో నాకంటే పెద్దాయన ఒకరు ఊరు విడిచి వెళ్లిన కొడుకు గురించి పాట రాసి, వరస కట్టి తెచ్చారు. పల్లవి చివర “ఎప్పుడొస్తావురా” అన్నచోట వరస రిషభం మీద, అంటే సరిగమల్లో ‘రి’ మీద, ఆగిపోయింది. షడ్జానికి, అంటే పాట వచ్చి కుదురుకునే ‘స’కి, దిగలేదు. నా చెవికి అది మెట్టు మీద కాలు పెట్టబోయి గాల్లో నిలిపినట్టు అనిపించింది. ఉండబట్టలేక హార్మోనియం ముందుకు లాక్కుని, రిషభం మీంచి చక్కగా షడ్జం మీదకి దింపి పాడాను. ఆయన “అబ్బ, ఎంత నిండుగా ఉందండీ” అన్నారు. అలాగే ఉంచేశారు. కొన్నాళ్లకి ఓ సన్మాన సభలో ఆ పాట పాడారు. బయటికొచ్చాక నేను మెచ్చుకోబోతే, “పల్లవి మీదే కదండీ” అన్నారు నెమ్మదిగా. ఆ తర్వాత ఆయన ఇంకో వరస నా దగ్గరికి తేలేదు.

పల్లవి చివర ఉన్నది ప్రశ్న. జవాబు రాని ప్రశ్న. అది రిషభం మీద వేలాడటమే సబబు. ఆయన అది తెలిసి చేశారో, తెలియకుండా చేతికి అలా వచ్చిందో నేను అడగలేదు. అడిగి ఉంటే ఆయన రిషభం ఆయనకి మిగిలేది.

అయినా పాడి చూపించడాన్ని పూర్తిగా కొట్టిపారేయను. శ్రుతి పక్కకి పోయినా, తాళం జారినా వంద మాటలకంటే ఒకసారి తంబుర వేసి పాడితే చాలు. ఇంకో సందర్భం ఉంది: కట్టినవాడే “ఇక్కణ్ణుంచి ఎటు పోవాలో తోచడం లేదు” అంటే. అప్పుడు ఒక్క దారి కాదు, మూడు దారులు పాడాలి. ఒక్కటి పాడితే అది తీర్పులా పడుతుంది. మూడు పాడితే “ఇన్ని ఉన్నాయా” అని నాలుగోది వాళ్లే వెతుక్కుంటారు. నేను చాలాసార్లు చూశాను, ఆ నాలుగోదే నిలబడుతుంది.

రెండోది రాసి పంపడం. దూరంలో ఉన్నవాళ్లకి నేనిప్పుడు ఎక్కువగా చేస్తున్నది ఇదే. రాయడం అంటే నాలుగు పేరాల విమర్శ కాదు. పాటలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర నాకేం జరిగిందో రాయడం, అంతే.

ముందు వినడం గురించి ఒక మాట. మొదటిసారి చేతిలో పెన్ను లేకుండా వింటాను. కొత్త వరస మొదటిసారి చెవిలో పడ్డప్పుడు అలవాటు లేనిదల్లా తప్పుగా, అలవాటున్నదల్లా బాగున్నట్టుగా తోస్తుంది. ఆ తొందరపాటు దిగిపోవాలి. రెండోసారి పెన్నుతో. మూడోసారి అనుమానం వచ్చిన చోట్లు మాత్రమే. ఒకసారి ఫోన్ స్పీకర్లో, ఒకసారి ఇయర్‌ఫోన్లతో, ఎందుకంటే ఫోన్ స్పీకర్లో కింది స్థాయి బేస్ దాదాపు వినపడదు. అది విని “బేస్ లేదు” అని రాస్తే వాడు లేని జబ్బుకి మందు వేసుకుంటాడు. ఫైలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమంటాను, కుదించకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

మా వాడు పాటని మోహన రాగంలో కట్టాడు, ఆ రాగంలో మధ్యమం, అంటే ‘మ’ స్వరం, రాదు. ఆ పాటకి నేను మొదట రాసుకున్నది ఇలా ఉంది:

“ఎత్తుగడ సాగదీశావు. మోహనలో మధ్యమం ఉండదు, చరణంలో తప్పు పడింది. పైస్థాయిలో గొంతు సరిపోలేదు. 1:12 దగ్గర ‘పడితే’లో దీర్ఘం తీసెయ్యి. ఇంకా సాధన చెయ్యి.”

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ పంపలేకపోయాను. అది చదివితే వాడికి తెలిసేది ఒక్కటే, మామయ్యకి నచ్చలేదని. చెరిపేసి మళ్లీ రాశాను:

“0:00 నుంచి 0:38 దాకా కీబోర్డు ఒక్కటే ఉంది. 0:20 దగ్గర నా ధ్యాస పక్కకి పోయింది, నీ గొంతు వచ్చాక మళ్లీ తిరిగొచ్చింది. 1:12 దగ్గర నాకు ‘వాన పాడితే’ అని వినపడింది. చరణం రెండో పాదం చివర ఒక మధ్యమం తగిలింది, కావాలని వేశావా? 2:05 దగ్గర తారస్థాయి పంచమం అందుకునేటప్పుడు గొంతు సన్నబడింది. ఆధార శ్రుతి రెండు పెట్టుకున్నావు, ఒకటికి దించి ఒకసారి పాడి చూడు. 2:40 దగ్గర అన్నీ ఆగిపోయి తంబుర ఒక్కటే మిగిలిన చోట నాకు ఒళ్లు జలదరించింది. దాన్ని మాత్రం కదపకు.”

రెండింట్లోనూ విషయం ఒకటే. మొదటి దాంట్లో తీర్పులున్నాయి. రెండో దాంట్లో ఒక మనిషి విన్న వినికిడి ఉంది. ఇంకో తేడా ఆ చివరి వాక్యం. బాగున్నది ఎక్కడుందో గురుతు పెట్టకపోతే, తప్పులు దిద్దే ఊపులో వాళ్లు మంచి ముక్కనే ముందు కత్తిరిస్తారు. మెప్పుకి కూడా నిమిషం, సెకను ఉండాలి.

ఆ “వాన పాడితే” గురించి చెప్పాలి. వాడు రాసిన మాట “వాన పడితే”. పాట మిశ్రగతి, తకిట తకధిమి, ఏడు మాత్రలు. “వాన” మూడు మాత్రలు, “పడితే” నాలుగు, లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కానీ వాడి వరసలో ఆ నాలుగు మాత్రలు పొడుగు, పొట్టి, పొట్టిగా నడిచాయి. “ప”కి రెండు, “డి”కి ఒకటి, “తే”కి ఒక్కటే. దాంతో చెవికి “పాడితె” అని పడింది. తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే మాటే మారిపోతుంది. పడు వేరు, పాడు వేరు. ఇంట్లో కూర్చుని వరస కట్టేవాళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే చిక్కు ఇది. మాట రాసినవాడే పాడుతున్నాడు కాబట్టి వాడి చెవికి ఎప్పటికీ తెలియదు. వాడికి రాసింది వినపడుతుంది, మనకి పాడింది వినపడుతుంది.

నోటు అందిన అరగంటకి ఫోన్ చేశాడు. “మామయ్యా, నిజంగా పాడితే అని వినపడిందా?”

“అవున్రా. రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ అలాగే.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సరే” అని పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత కొత్త ఫైలు వచ్చింది. మొదటి పల్లవిలో పొట్టి, పొట్టి, పొడుగు, నికార్సుగా “వాన పడితే”. చరణం అయ్యాక పల్లవి తిరిగొచ్చినప్పుడు “వాన పాడితే”. వాన మొదట పడింది, తర్వాత పాడింది. నేను “దీర్ఘం తీసెయ్యి” అని పంపి ఉంటే బుద్ధిగా తీసేసేవాడు. పాట తప్పులేకుండా ఉండేది, అంతే.

రాతకి లోటు లేకపోలేదు. స్వరం వినపడదు కాబట్టి చల్లగా తగులుతుంది. “కావాలని వేశావా?” అన్నది చిరునవ్వుతో అడిగిందో, ఎత్తిపొడుపో చదివేవాడికి తెలియదు. దానికి విరుగుడుగా కొందరు వాయిస్ మెసేజ్ పంపుతారు. గొంతులో ఆప్యాయత ఉంటుంది నిజమే, కానీ ఆరు నిమిషాల మెసేజ్‌లో ఆ మధ్యమం ముచ్చట ఎక్కడుందో వారం తర్వాత వెతుక్కోవడం నరకం. రాసి పంపి, తర్వాత ఓ ఫోన్ చేయడం నాకు కుదిరిన మార్గం.

మూడోది అడగడం. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో దీనికి ఒక క్రమం ఏర్పరిచారు. ఇప్పుడు నాట్యంలోనే కాదు, నాటకం, రచన, సంగీతం నేర్పేచోట కూడా వాడుతున్నారు. నాలుగు అంచెలు. ముందు విన్నవాళ్లు తమకి ఏది గుర్తుండిపోయిందో, ఏది కదిలించిందో చెప్తారు. తర్వాత కట్టినవాళ్లు తమ అనుమానాలు అడుగుతారు. ఆ తర్వాత విన్నవాళ్లు అడుగుతారు, కానీ ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు. చివరికి “ఫలానా చోటు గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?” అని అనుమతి తీసుకుని చెప్తారు. వద్దంటే ఊరుకోవాలి.

మా మండలిలో ఒకసారి ప్రయత్నించాం. మా అక్కయ్యగారు ఒకామె మంగళహారతికి సొంత వరస కట్టారు, మూడు చరణాలు, చాలా నెమ్మది నడక. మూడో అంచె దగ్గర అందరం తడబడ్డాం. “అంత నెమ్మదిగా ఎందుకు పెట్టారండీ?” అన్నారొకరు. అది ప్రశ్న కాదు, ప్రశ్న ముసుగేసుకున్న ఆక్షేపణ. ఆవిడ మొహం ముడుచుకుంది. ఇంకొకరు ఆలోచించి వేరేగా అడిగారు: “పాట ఎంతసేపు ఉండాలనుకున్నారమ్మా?”

“కర్పూరం ఆరేలోపు అయిపోవాలి” అన్నారావిడ. అని, ఆగిపోయారు. తనే పళ్లెంలో కర్పూరం వెలిగించి పాడి చూశారు. రెండో చరణం సగంలో ఉండగానే ఆరిపోయింది. మర్నాటికి రెండు చరణాలు చేసి, నడక కొంచెం పెంచి తెచ్చారు. ఎవరూ ఒక్క సలహా ఇవ్వలేదు.

ఇంత గొప్పగా పనిచేసిన పద్ధతినే మేలైనదని ఎందుకు అనను? గంట పడుతుంది, నలుగురు కావాలి, ఆ నలుగురికీ ఓపిక కావాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లని “చెప్పమంటావా?” అని అనుమతి అడగడం అలవాటు లేదు. అడిగినా “అయ్యో, చెప్పండి” అంటారే తప్ప వద్దనరు. నాలుగో అంచె మన దగ్గర పేరుకే మిగులుతుంది. ఇంకోటి, శ్రుతి పోయినచోట కూడా ప్రశ్నలు వేస్తూ కూర్చోవడం ఎదుటివాళ్లని సతాయించడమే. “పంచమం కాస్త తక్కువ పడింది” అని సూటిగా అంటే ఎవరూ నొచ్చుకోరు.

1996లో క్లూగర్, డినీసీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా ఈ విషయం మీద జరిగిన పరిశోధనల నుంచి 600కి పైగా ఫలితాలు పోగుచేసి చూశారు. వాళ్లు చూసింది సంగీతాన్ని కాదు, ఏ పనిలోనైనా అభిప్రాయం చెప్తే ఏమవుతుందన్నది. సగటున మేలే జరిగింది, కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో చెప్పాక పని ఇంకా తగ్గింది. మాట పని మీంచి మనిషి మీదకి మళ్లేకొద్దీ దాని మేలు తగ్గుతుందని వాళ్లు తేల్చారు. నా మొదటి నోటులో “ఇంకా సాధన చెయ్యి” అన్నది సరిగ్గా ఆ మళ్లడమే.

అందుకని నా లెక్క ఇది. వరస ఇంకా పచ్చిగా ఉంటే, అంటే పల్లవి మాత్రమే పుట్టి చరణం ఎటుపోవాలో తెలియనప్పుడు, పక్కన కూర్చుని అడగడం మేలు. రాత అప్పుడు పనికిరాదు, పిందెని తూకం వేసినట్టు ఉంటుంది. పాట ఒక రూపానికి వచ్చి, రికార్డు చేసి పంపితే రాసి పంపడం మేలు, అందులో తీర్పుల కంటే వినికిడి ఎక్కువుండాలి. శ్రుతి, లయ, రికార్డింగులో ఫ్యాను రొద, మాట మింగేసిన వాయిద్యం, ఇవి నేరుగా చెప్పేయాలి. పాడి చూపించడం వాళ్లు అడిగినప్పుడే. మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే రాతనే ఎంచుకుంటాను. రాసేటప్పుడు చెరిపేసే వీలుంది. హార్మోనియం ముందు కూర్చున్నప్పుడు నాకు ఆ వీలు దొరకలేదు.

పైన మధ్యమం సంగతి వదిలేశాను. వాడు కావాలని వేయలేదట, వేలు జారిందట. కానీ నేను అడిగాక పదిసార్లు విని, ఉంచేశాడు. లలిత గీతంలో రాగం గీత దాటడం నేరం కాదు. నా చెవికి ఇప్పటికీ అది గుచ్చుకుంటుంది, ఆ మాట వాడికి చెప్పాను కూడా. “తెలుసు మామయ్యా, అక్కడ గుచ్చుకోవాలి” అన్నాడు.

నిన్న ఇంకో పాట పంపాడు. ఈసారి “ఎలా ఉందో చెప్పు” అని లేదు. “రెండో చరణంలో అమ్మ మాట్లాడుతున్నట్టు తెలుస్తోందా? 1:50 దగ్గర విని చెప్పు” అని ఉంది. ఇంకా వినలేదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక వింటాను, మొదటిసారి పెన్ను లేకుండా.