మొదటి స్కాన్‌లో గడ్డ పెరిగింది: మందు మార్చడం మేలా, ఆగి చూడడం మేలా?

మెలనోమాకి, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కాన్సర్‌కి, ఇమ్యునోథెరపీ మొదలైన సుమారు 12 వారాలకు మొదటి స్కాన్ తీస్తారు. అమెరికాలో 2021 నుంచి రిపోర్టు చాలాసార్లు డాక్టరు మాట్లాడకముందే రోగి ఫోన్‌లోకి వచ్చేస్తోంది. 22 మిల్లీమీటర్ల గడ్డ 28 అయిందని చదివాక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. మందు మార్చేయమందామని అందరికీ తొందర పుడుతుంది.

కీమోథెరపీకైతే ఆ తొందరలో న్యాయం ఉంది. గడ్డ పెరిగిందో తగ్గిందో తేల్చడానికి డాక్టర్లు వాడే 2009 నాటి రెసిస్ట్ 1.1 కొలతల ప్రకారం, గడ్డల వ్యాసాల మొత్తం మునుపటి అతి తక్కువ కొలత కంటే 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టే. ఇమ్యునోథెరపీ తీరు వేరు. అది గడ్డను నేరుగా చంపదు, మన రోగనిరోధక కణాలకున్న కళ్ళెం వదులు చేస్తుంది. అవి గుంపుగా గడ్డలోకి దిగితే గడ్డ వాస్తుంది. వాపుకీ పెరుగుదలకీ తేడా సీటీకి తెలియదు. ఇలా వాపు వల్ల కనిపించే ఉత్తుత్తి పెరుగుదలనే సూడో ప్రోగ్రెషన్ అంటారు. అందుకే 2017లో ఐరెసిస్ట్ నియమాలు వచ్చాయి: మొదటి పెరుగుదలను నిర్ధారణ కానిదిగానే రాసి, 4 నుంచి 8 వారాల్లో మళ్ళీ స్కాన్ తీసి తేల్చుకోమన్నాయి.

అయితే ఆగడమే మేలా? ఇక్కడ ఆశ మనల్ని మోసం చేయకూడదు. మెలనోమాలో ఈ ఉత్తుత్తి పెరుగుదల పదిమందిలో ఒకరికంటే తక్కువమందికే వస్తుంది. మిగతావాళ్ళలో పెరిగిందంటే నిజంగా పెరిగినట్టే. కాబట్టి నా తూకం గడ్డతో కాదు, మనిషితో. ఆకలి బాగుండి, బరువు నిలబడి, రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరగకపోతే ఆగి చూడడమే మేలు. మనిషి చిక్కిపోతున్నా, ఆయాసం వస్తున్నా, గడ్డ మెదడులోనో వెన్నుపాము పక్కనో ఉన్నా ఒక్క వారం కూడా ఆగొద్దు. గడ్డలో బీరాఫ్ అనే జన్యువు మార్పు ఉన్నవాళ్ళకు త్వరగా పనిచేసే మాత్రలు ఉన్నాయి, వాటి గురించి అప్పుడే అడగాలి. సూదికి అందే చోట గడ్డ ఉంటే బయాప్సీ మంచి దారి, కానీ ముక్క వచ్చిన చోటు గురించే అది చెప్పగలదు.

మన భారతీయుల్లో మెలనోమా అరుదు. వస్తే అరికాలు, అరచేయి, గోటికింద ఎక్కువ. ఆ రకం ఈ మందులకు తక్కువగా లొంగుతుంది. అలాంటివాళ్ళు రెండో స్కాన్‌ను వెనక్కి నెట్టకూడదు.

పెట్ సీటీ తీయించమని బంధువులు చెబుతారు. చక్కెరను ఎక్కువగా వాడే కణాలే అందులో వెలుగుతాయి, పోరాడే రోగనిరోధక కణాలు కూడా అలాంటివే. ఛాతీలోని లింఫ్ గ్రంథులు కాన్సర్ లేకుండానే వెలగొచ్చు. అందుకే మొదటి నెలల్లో దానివల్ల కంగారే ఎక్కువ. ఏడాది తర్వాత మాత్రం దానికి సాటి లేదు: సీటీలో మిగిలిన గడ్డ పెట్‌లో వెలగకపోతే అది చాలా మంచి కబురు. మెదడుకి మాత్రం రెండూ చాలవు, ఎమ్మారై కావాలి.

డాక్టరు దగ్గర మొదట తేదీలు అడగండి. పోల్చిన పాత స్కాన్ మందు మొదలవడానికి ఎన్ని రోజుల ముందుది? ఆరు వారాల ముందుదైతే, ఈ 6 మిల్లీమీటర్లలో కొంత మొదటి డోసు పడకముందే పెరిగి ఉండొచ్చు.