చిన్న ల్యాబా, పెద్ద ప్రాజెక్టా: పీహెచ్‌డీకి ఏది మేలు?

పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్ళంతా ముందు సబ్జెక్టు గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటారు. నన్నడిగితే దానికంటే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఐదారుగురు ఉండే చిన్న ల్యాబ్‌లో చేరాలా, వందలమందో వేలమందో కలిసి నడిపే పెద్ద ప్రాజెక్టులో చేరాలా? నేను చిన్న ల్యాబ్ బాపతు. వాక్యూమ్ పంపు పాడైతే రిపేరు డబ్బులు రావడానికి నాలుగు నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాణ్ణి, కాబట్టి దాని మీద ప్రేమ ఉందే గానీ భ్రమలు లేవు.

ఫిజిక్స్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2012లో హిగ్స్ బోసాన్ అనే కణాన్ని పట్టుకున్న సెర్న్ ప్రయోగశాల అట్లాస్, సీఎంఎస్ బృందాల్లో ఒక్కోదానిలో దాదాపు మూడు వేలమంది. 2015లో ఆ రెండూ కలిసి హిగ్స్ ద్రవ్యరాశి మీద వేసిన పేపరుకి రచయితలు 5,154 మంది, మొత్తం 33 పేజీలైతే అందులో 24 పేజీలు వాళ్ళ పేర్లకూ సంస్థలకే సరిపోయాయి! పైగా ఇలాంటి పేపర్లలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు, మీరు రెండేళ్ళు నిద్ర మానుకుని డిటెక్టర్ కోడ్ సరిచేశారన్న సంగతి పేపరు చూసి ఎవరికీ తెలీదు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు మీ గైడ్ రాసే సిఫారసు ఉత్తరమే దిక్కు. అదే ఫిజిక్స్‌లో 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు గైమ్, నొవొసెలొవ్ గ్రాఫైట్ మీద టేపు అంటించి పీకి, మళ్ళీ అంటించి పీకి, ఒక్క పరమాణువు మందం ఉండే గ్రాఫీన్ అనే కార్బన్ పొరని తీశారు. పేపరు మీద ఎనిమిది పేర్లు, 2010లో నోబెల్. అయితే అలాగే టేపు పీకి పీకి చివరికి దాన్ని చెత్తబుట్టలో పారేసిన ల్యాబ్‌లు ఎన్ని ఉంటాయో, వాళ్ళ కథ ఎవరూ రాయరు కదా.

మరి పెద్ద ప్రాజెక్టులో సొంత ఆలోచనకి చోటుండదా అంటే, గురుత్వాకర్షణ తరంగాల్ని పట్టుకోవడానికి అమెరికాలో కట్టిన లైగో సంగతి చూడండి. నాలుగు కిలోమీటర్ల చేతుల్లో ప్రోటాన్ వ్యాసం కంటే ఎంతో చిన్న మార్పుని కొలిచే యంత్రం అది, వెయ్యిమంది పేర్లున్న పేపరు. కానీ దాని ప్లాను 1972లో ఎంఐటీలో రైనర్ వైస్ ఒక్కడూ రాసుకున్న రిపోర్టులో ఉంది. మొదటి తరంగం దొరికింది 2015 సెప్టెంబరులో. లెక్కేస్తే 43 ఏళ్ళు, ఈ మధ్యలో పీహెచ్‌డీ చేసి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరూ దాన్ని చూడకుండానే థీసిస్ రాశారు. అయినా రాయగలిగారు, అదీ పెద్ద ప్రాజెక్టు బలం: ఫలితం రాకపోయినా మీ ముక్క మీకుంటుంది, చిన్న ల్యాబ్‌లో ప్రయోగం ఫెయిలైతే మూడేళ్ళు గాలికి పోయినట్టే.

వైద్యంలో నా ఓటు అటూ ఇటూ కూడా. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపులోని బ్యాక్టీరియాని పెంచడానికి తంటాలు పడుతుంటే, ఈస్టర్ సెలవుల వల్ల ప్లేట్లు మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో అది పెరిగింది. అల్సర్‌కి అదే కారణమంటే ఎవరూ నమ్మక, 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తానే తాగి గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) తెచ్చుకున్నాడు. (మీరు చేయకండి, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.) వాళ్ళకి 2005లో నోబెల్ వచ్చింది. ఇలాంటి మొండిపట్టు చిన్న చోటే కుదురుతుంది. కానీ మందు పనిచేస్తుందా లేదా తేల్చాలంటే మాత్రం మొండితనం చాలదు, తలలు కావాలి. 2020లో ఆసుపత్రుల్లోని కోవిడ్ రోగుల మీద ఆక్స్‌ఫర్డ్ నడిపిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళు 2,104 మంది, ఇవ్వనివాళ్ళు 4,321 మంది. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి లాభమేమీ కనబడలేదు. యాభైమందితో చేసే ట్రయల్‌లో ఈ తేడాలు ఎప్పటికీ తేలవు. హైడ్రాక్సీక్లోరోక్విన్ గొడవనీ ఇదే ట్రయల్ తేల్చింది, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకి దానివల్ల ఉపయోగం లేదని.

ఇంజనీరింగ్‌ గురించి ఎక్కువ చెప్పను. ఒక మెటీరియలో, సెన్సారో మీ చేతులతో చేయగలిగితే చిన్న ల్యాబే మేలు, ఎందుకంటే అక్కడ డిజైన్ నుంచి సోల్డరింగ్ దాకా అన్నీ మీరే నేర్చుకోక తప్పదు.

పర్యావరణ శాస్త్రానికొస్తే నా ప్రశ్నే తప్పయిపోతుంది. అక్కడ మనుషుల సంఖ్య కంటే ఏళ్ళ సంఖ్య ముఖ్యం. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసే చార్లెస్ కీలింగ్ 1958లో హవాయీలోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు, అప్పుడు పది లక్షల్లో 313 పాళ్ళు, ఇప్పుడు 420 దాటింది. ఒక్కడు పట్టుబట్టి మొదలుపెట్టిన చిన్న పనే, కానీ 1964లో డబ్బుల్లేక కొలతలు కొన్ని నెలలు ఆగిపోయాయి, ఆ ఖాళీ ఈరోజుకీ గ్రాఫులో అలాగే ఉంది. తర్వాత ఎప్పుడో డబ్బు వచ్చినా వెనక్కి వెళ్ళి 1964 గాలిని కొలవలేం కదా. అందుకే ఈ రంగంలో చిన్నా పెద్దా చూడకుండా, పాత డేటా ఎన్నేళ్ళది ఉందో, రాబోయే ఐదేళ్ళకి ఫండింగ్ ఉందో లేదో కనుక్కుని చేరండి.

2019లో నేచర్‌లో ఒక విశ్లేషణ వచ్చింది, ఆరున్నర కోట్ల పేపర్లు, పేటెంట్లు, సాఫ్ట్‌వేర్లు చూసి చిన్న బృందాలు కొత్త దారులు తెరుస్తాయనీ, పెద్దవి ఉన్న దారిని ముందుకు తీసుకెళ్తాయనీ చెప్పారు. బాగుంది, కానీ అది సైన్సుకి ఏది మేలో చెప్తుంది, స్టైపెండ్ మీద బతికే మీకు ఏది మేలో చెప్పదు.

సొంత ప్రశ్న ఉండి, ఫెయిలైతే తట్టుకోగలననుకుంటే చిన్న ల్యాబ్. ప్రశ్న ఇంకా దొరకలేదు, పని నేర్చుకోవాలి, టైముకి డిగ్రీ కావాలి అంటే పెద్ద ప్రాజెక్టు, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎటు వెళ్ళినా చేరేముందు గైడ్‌ని కాకుండా, ఆ ల్యాబ్ నుంచి వెళ్ళిపోయిన సీనియర్లని ఇద్దరిని పట్టుకుని అడగండి: ఫస్ట్ ఆథర్ (పేపరు మీద మొదటి పేరు) ఎవరో ఎప్పుడు తేలుస్తారు, యంత్రం చెడిపోతే ఎన్నాళ్ళకి బాగవుతుంది?