కుస్కోలో 450 సోల్స్ పోసినా గేటు దగ్గరే ఆపేశారు

పెరూ దేశంలోని కుస్కోలో దిగిన రోజే మునిగాం. అసలే 3,400 మీటర్ల ఎత్తు, తలనొప్పి. కోకా ఆకుల టీ తాగుతూ కూర్చుంటే ఒక ఏజెంటు వచ్చి, ఈ టూరిస్ట్ టికెట్ కొంటే, స్పెయిన్ వాళ్లకు ముందు ఇక్కడ ఏలిన ఇన్కాల సూర్యాలయం కోరికాంచతో సహా అన్నీ చూడొచ్చన్నాడు. మనిషికి 130 సోల్స్ (పెరూ డబ్బు), పైన అతని కమిషన్ 20. ముగ్గురికి 450 ఇచ్చాం.

మూడో రోజు కోరికాంచకు వెళ్తే గేటు దగ్గర తల అడ్డంగా ఊపారు. ఆ టికెట్‌తో బయట తోట కింద ఉన్న చిన్న మ్యూజియం మాత్రమే చూడనిస్తారట. అసలు గుడి గోడలున్న మఠం డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసులది, దానికి వేరే టికెట్. మేము వెళ్లినప్పుడు 15 సోల్స్. మా ఆయన మొహం చూడాలి! నలభై అయిదు సోల్స్ గురించి కాదు, నమ్మినందుకు. సక్సాయ్‌వామన్, పిసాక్ లాంటి ఇన్కా శిథిలాలు చూసేవాళ్లకు ఆ 130 టికెట్ దండగేమీ కాదు. కాకపోతే టికెట్ ఆఫీసులోనే కొనుక్కోండి.

లోపలికి వెళ్లాక మామయ్య గారే మాకు గైడు. సొంతిల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో రోజూ గొడవపడిన మనిషి. ఇన్కాల సూర్యాలయం గోడ దగ్గర ఆగి, "ఇది లోపలికి వాలింది, గుండు వేలాడదీసి చూసుకోలేదా?" అన్నారు. కావాలనే అలా వాల్చి కట్టారని, భూకంపానికి అదే బలమని చెప్పాను. రాళ్ల మధ్య సున్నం లేదు, ఏమీ లేదు. ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. 1533లో స్పెయిన్ వాళ్లు ఈ గోడల మీది బంగారు రేకులు ఊడబెరికి, తర్వాత ఇదే పునాది మీద సాంతో దొమింగో చర్చి కట్టారు. 1650 భూకంపానికి చర్చి కూలింది. మళ్లీ కడితే 1950లో మళ్లీ దెబ్బతింది. ఇన్కా గోడలు మాత్రం నిలబడ్డాయి, పైన కట్టినవి రాలిపోయి ఇంకా బాగా బయటపడ్డాయి కూడా.

"రెండుసార్లు కూలినా మేస్త్రీని మార్చలేదన్నమాట" అన్నారు మామయ్య. వరండాలో సెయింట్ డొమినిక్ జీవితం పెద్ద పెద్ద బొమ్మలుగా ఉంది, వాటివైపు చూడనే లేదు. గంటన్నర ఆ రాళ్ల దగ్గరే.

సాన్ పెద్రో మార్కెట్‌లో వేడి కీన్వా సూప్ పడ్డాక మా ఆయన కోపం సగం దిగింది. తిరిగొస్తుంటే ఆ ఏజెంటు అదే మూల నిలబడి ఇంకో జంటకు టికెట్లు చూపిస్తున్నాడు. మేమిద్దరం తల తిప్పుకున్నాం. మామయ్య ఆగి, శుద్ధ తెలుగులో నాలుగు కడిగి వచ్చారు.