పీవీసీ డంబెల్ కిట్టు: గొడవంతా ఆ స్టార్ నట్టుతోనే

పీవీసీ డంబెల్ కిట్టు అంటే ఇంట్లో కసరత్తుకి వాడేది: పీవీసీ ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపిన ప్లేట్లు, వాటిని ఎక్కించే రాడ్లు, ప్లేట్లు జారకుండా రాడ్డు చివర్లలో బిగించే నక్షత్రం ఆకారపు స్టార్ నట్లు. ప్లేట్లు పరవాలేదు. రాడ్డు పరవాలేదు. ఒళ్లు మండించేది ఆ స్టార్ నట్టు. చాన్నాళ్లుగా వాడుతున్నా దాని మీద నమ్మకం కుదరలేదు. ఎంత బిగించినా, ఒక సెట్టు (ఆపకుండా చేసే ఒక విడత) బైసెప్స్ కర్ల్స్, అంటే మోచేయి మడిచి బరువు ఎత్తే వ్యాయామం, అయ్యేసరికి ఏదో ఒకవైపు టకటకమంటుంది.

నట్టు నాసిరకం కాబట్టి అలా అవుతుందంటే సగమే నిజం. అరచేయి ముందుకు పెట్టి కర్ల్ చేస్తే, చెయ్యి పైకి వచ్చేలోగా రాడ్డు తన చుట్టూ తాను దాదాపు 130 డిగ్రీలు తిరుగుతుంది. ప్లేటు రంధ్రమేమో రాడ్డు కన్నా కాస్త వెడల్పు. అంత బరువున్న ప్లేటు రాడ్డుతో పాటు వెంటనే కదలదు. మొదట వెనకబడుతుంది, చెయ్యి ఆగాక ఇంకాస్త ముందుకు జారుతుంది. ఆ జారుడులో పక్కనున్న నట్టును కూడా లాక్కుపోతుంది. రెండు చివర్లా మర (నట్టు ఎక్కే చుట్ల గాడి) ఒకే వాటంగా ఉంటుంది కనుక, ఒకవైపు నట్టును బిగించే తిప్పు రెండోవైపు నట్టును వదులు చేస్తుంది. చెయ్యి దించేటప్పుడు అది తారుమారవుతుంది. మరి లెక్క సరిపోవాలిగా అంటే సరిపోదు. మరను బిగించడానికి పట్టేంత బలం వదల్చడానికి పట్టదు. ప్రతి రెప్‌కీ, అంటే ఎత్తి దించిన ప్రతిసారీ, కొంచెం కొంచెం నష్టమే. పైగా పీవీసీ తొడుగు మెత్తన. రాత్రి గట్టిగా బిగించి వదిలేస్తే నట్టు కింద అది అణిగిపోయి, పొద్దున్నకి పట్టు తగ్గి ఉంటుంది.

అదే బరువుని భుజాల దగ్గర్నుంచి తల పైకి నెట్టే షోల్డర్ ప్రెస్‌లో, నేల మీద పడుకుని చేసే ఫ్లోర్ ప్రెస్‌లో ముంజేయి నిలువుగానే ఉంటుంది, రాడ్డు పెద్దగా తిరగదు. అక్కడ ఇదే నట్టు బుద్ధిగా ఉంటుంది. కాబట్టి కర్ల్స్‌ని చివరికి నెట్టేస్తే సగం విసుగు తగ్గుతుంది. ఎలాగూ పెద్ద కండరాల వ్యాయామాలు ముందు చెయ్యడమే మంచిది కూడా.

అసలు జాగ్రత్త పడాల్సింది కర్ల్స్‌లో కాదు. డంబెల్‌ని నిలువుగా పట్టి, పై ప్లేటు అడుగున రెండు అరచేతులూ పెట్టి తల వెనక్కి దించే ట్రైసెప్స్ (దండ వెనక కండ) ఎక్స్‌టెన్షన్ ఉంది చూడండి, అందులో చేతులు మోసేది పై ప్లేటునే. రాడ్డూ, కింది ప్లేట్లూ మొత్తం పై నట్టుకే వేలాడుతుంటాయి. అది ఊడిందంటే రాడ్డు జారి నేరుగా మెడ మీదికో వీపు మీదికో వస్తుంది. డంబెల్‌ని నిలువుగా ఛాతీకి ఆనించి పట్టుకుని గుంజీలా కూర్చుని లేచే గోబ్లెట్ స్క్వాట్‌లోనూ బరువు ఇలాగే నట్టు మీద పడుతుంది, కాకపోతే అక్కడ పాదాలకి ప్రమాదం. ఈ రెండూ విప్పి బిగించే డంబెల్‌తో చెయ్యొద్దనే చెబుతాను. ట్రైసెప్స్‌కి వెల్లకిలా పడుకుని, ఒక్కో చేత్తో ఒక్కో డంబెల్ పట్టి, రాడ్డు అడ్డంగా ఉండేలా చేస్తే సరిపోతుంది. స్క్వాట్‌కి రెండు డంబెల్స్ పక్కలకి వేలాడదీసుకోండి.

ఇక మందు. నట్టు లోపలి ముఖానికి ఒక రబ్బర్ రింగు ఉంటుంది. పట్టు ఉన్నదల్లా దానిదే. చెమటకీ నూనెకీ అది గట్టిపడి నున్నగా అయిపోయాక నట్టు ఉన్నా లేనట్టే. రింగు కోసం ఊరంతా వెతకొద్దు. పంక్చర్ షాపులో పాత బైకు ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. మూడు నాలుగు అంగుళాల చదరపు ముక్క కోసి, మధ్యలో రాడ్డు కన్నా చిన్న రంధ్రం చేసి, లాగిపట్టి ఎక్కించాలి. రంధ్రం వదులుగా ఉంటే ప్రయోజనం లేదు, రాడ్డుని కరిచి పట్టుకోవాలి. దాని మీద నట్టు బిగిస్తే ప్లేటు కదలిక రబ్బరులోనే చాలావరకు ఇంకిపోతుంది, నట్టు దాకా రాదు.

దీనికన్నా బాగా పనిచేసింది ఇంకోటి ఉంది. విడిగా స్టార్ నట్లు డంబెల్‌కి ఒక జత చొప్పున కొని ఒక్కో చివర రెండేసి బిగించడం. మొదటి నట్టు ప్లేటుకి ఆనాక రెండోది దాని మీదికి తెచ్చి, మొదటిదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని గట్టిగా తిప్పాలి. రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని మరలో ఇరుక్కుపోతాయి. యంత్రాల మెకానిక్కులు ఎప్పట్నుంచో చేసే పనే. కర్ల్స్ మొత్తం అయ్యేదాకా టక్కుమన్న చప్పుడు లేదు. ఈ ఆనందానికి ఖరీదు రాడ్డు పొడవు. రెండు నట్లు పట్టాలంటే ప్లేటు ఒకటి తగ్గించుకోవాల్సి వస్తుంది.

ప్లేటు తగ్గడం చిన్న విషయం కాదు. లోపల ఉన్నది సిమెంటు మిశ్రమం. పోత ఇనుము సిమెంటు కన్నా దాదాపు మూడు రెట్లు సాంద్రం కనుక, అదే బరువుకి ఈ ప్లేట్లు బాగా లావుగా ఉంటాయి. 14 అంగుళాల రాడ్డు మీద పిడి పోగా ఒక్కోవైపు మిగిలేది నాలుగున్నర అంగుళాలు, అందులో నట్టు వాటా ఒకటి. నట్టు బయట కనీసం రెండు మూడు మరలు కనిపించేంత చోటు లేకుండా ఇంకో ప్లేటు కుక్కకూడదు.

ప్లేట్లు పరవాలేదన్నాను కదా, అందులో కొంచెం కోత పెట్టాలి. తుప్పు పట్టవు, చప్పుడు తక్కువ, టైల్స్‌కి మర్యాద. కానీ అంచు మీద పడితే అతుకు విచ్చి బూడిదరంగు పొడి కారుతుంది. టేపు చుడితే కొన్నాళ్లు ఆగుతుంది. బరువులు కూడా వంద, రెండొందల గ్రాములు అటూ ఇటూ ఉంటాయి. అసలు బరువు ఎంతన్నది ముఖ్యం కాదు, ఎడమా కుడీ సమానంగా ఉండాలి. వంటింటి తూకం మీద పెట్టి, దగ్గరగా ఉన్నవాటిని జతకట్టి, మార్కర్‌తో గుర్తు వేసుకుంటే చాలు. మరల్లో మాత్రం నూనె వెయ్యొద్దు. తుప్పు కనిపిస్తే వైరు బ్రష్‌తో రుద్ది, పొడిబట్టతో తుడిచేయండి.

ఒక్కోవైపు రెండున్నర కిలోలు పెంచితే డంబెల్ ఒకేసారి ఐదు కిలోలు పెరుగుతుంది. చేతులు చాపి పక్కలకి ఎత్తే లాటరల్ రెయిజ్‌కి అది గోడ ఎక్కడమే. ఒక కిలో ప్లేట్లు నాలుగు విడిగా తీసుకుని, మూడు సెట్లూ పన్నెండేసి రెప్స్ శుభ్రంగా వచ్చాకే బరువు పెంచండి. పెంచాక ఎనిమిదికి పడిపోయినా కంగారు లేదు, మళ్లీ పన్నెండుకి చేరేదాకా అక్కడే ఉండండి. ప్రతి సెట్టుకి ముందు డంబెల్‌ని చెవి దగ్గర ఒకసారి ఆడించి వినడం అలవాటు చేసుకోండి.

కొనొచ్చా అంటే, నాలాగా మేడ మీద అద్దె ఇల్లు, కింద పడుకునే పెద్దవాళ్లు, చెయ్యికి పన్నెండు కిలోలు దాటని అవసరం ఉంటే కొనొచ్చు. సొంతంగా కింది వాటా, గచ్చునేల ఉన్నవాళ్లకి ఇనుప ప్లేట్లే నయం. నట్టు గోల అక్కడా ఉంటుంది గానీ రాడ్డు మీద రెండో నట్టుకి చోటు దొరుకుతుంది. జిమ్ముకి కొన్నాళ్లు వెళ్లొచ్చినవాళ్లయితే ఈ కిట్టు జోలికే రాకుండా, రెండు బరువుల్లో అచ్చుపోసిన హెక్స్ (ఆరు పలకల తలలుండే) డంబెల్స్ జతలు తీసుకోవడం మేలేమో. డబ్బు ఎక్కువే పడుతుంది, కానీ విప్పేది లేదు, బిగించేది లేదు.