పద్నాలుగేళ్ల పాఠకుల చేతికి నేనిచ్చే నవలలు

చందమామ కథల వయసు దాటి, పెద్దల నవలల్లోకి ఇంకా పూర్తిగా అడుగుపెట్టని పిల్లలకు ఏ పుస్తకాలు ఇవ్వాలని తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ తరచుగా అడుగుతుంటారు. ప్రత్యేకంగా ఈ వయసు కోసమే రాసిన నవలలు తెలుగులో తక్కువ. అందువల్ల ఇంగ్లీషు మాధ్యమంలో చదివే మన పిల్లలు యంగ్ అడల్ట్ అనే పేరుతో పుస్తకాల షాపుల్లో ఉండే అరల వైపు వెళుతున్నారు. అక్కడ మాంత్రిక లోకాల కథలూ, కాలేజీ ప్రేమకథలూ కుప్పలుగా కనిపిస్తాయి. వాటిని చదవవద్దని నేను అనను. కానీ చావు, కోపం, పేదరికం, ఇంటిలోపలి అన్యాయం ఎదురైనప్పుడు పిల్లల కళ్లు మూయకుండా, పక్కన నిలబడి చూపించే నవలలే ఆ వయసుకు ఎక్కువ అవసరమని గట్టిగా నమ్ముతాను. ఇక్కడ చెప్పబోయేవన్నీ అటువంటివే.

అన్నిటికంటే ముందు ఎస్. ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' చదవమంటాను. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, టల్సా నగరానికి చెందిన ఈ రచయిత్రి పదిహేనేళ్ల వయసులో నవల మొదలుపెట్టారు. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. మగపిల్లల ముఠా గొడవల గురించి ఒక అమ్మాయి రాసిందంటే విమర్శకులు తేలికగా తీసుకుంటారేమోనని ప్రచురణకర్తలు పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు వేయించారు. కథ చెప్పేది పద్నాలుగేళ్ల పోనీబాయ్. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ చదువు వదులుకుని, కూలి పనిచేసి ఇద్దరు తమ్ముళ్లనూ సాకుతుంటాడు. ఊరిలో పేద కుర్రాళ్లకూ కార్లున్న ఇళ్ల కుర్రాళ్లకూ ఎప్పుడూ తగాదాలే. ఒక రాత్రి పార్కులో కార్లున్న ఇళ్ల కుర్రాళ్లు పేద ఇంటి పోనీబాయ్‌ను ఫౌంటెన్ నీళ్లలో ముంచేస్తుంటే, అతడిని కాపాడబోయి స్నేహితుడు జానీ ఒకడిని కత్తితో పొడుస్తాడు. ఇద్దరూ గూడ్సు రైలెక్కి పారిపోయి, పాడుబడిన చర్చిలో దాక్కుంటారు. అక్కడినుంచి కథ ఏ మలుపు తిరుగుతుందో చదివే తెలుసుకోవాలి.

ఈ నవలలో లోపాలు లేకపోలేదు. కొన్ని సంఘటనలు కాకతాళీయంగా కలిసివస్తాయి, ఆడపిల్లల పాత్రల్లో చెర్రీ తప్ప ఎవరూ మనసులో నిలవరు. అయినా డారీకీ పోనీబాయ్‌కీ మధ్య జరిగేదంతా ఎంతో నిజంగా ఉంటుంది. పెద్దన్న ఎప్పుడూ కసురుకుంటాడు, మార్కుల గురించి నిలదీస్తాడు, ఆలస్యంగా వస్తే విరుచుకుపడతాడు. తమ్ముడేమో తానంటే అన్నకు ఇష్టం లేదనే నమ్ముతాడు. ఆ కసురు వెనుక ఉన్నది భయమని, ఉన్న ఇద్దరినీ కూడా పోగొట్టుకుంటానేమోనన్న భయమని తమ్ముడికి తెలిసే ఘట్టం ఆసుపత్రిలో వస్తుంది. ఇంటి బరువు మోసే అన్నలూ అక్కలూ ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు కాబట్టి ఆ పేజీలు మన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. కాలిఫోర్నియాలోని ఒక బడి పిల్లలు దీన్ని సినిమాగా తీయమని దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు ఉత్తరం రాస్తే, 1983లో ఆయన తీశారు కూడా. భాష సరళమైనది, ఇంగ్లీషు నవల అంటే బెదిరే పిల్లలు కూడా ధైర్యంగా మొదలుపెట్టవచ్చు.

రెండవది, నా దృష్టిలో వీటన్నిటిలోకి గొప్పది, పాట్రిక్ నెస్ రాసిన 'ఎ మాన్‌స్టర్ కాల్స్'. దీని ఆలోచన శివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె 2007లో క్యాన్సర్‌తో మరణించడంతో, ఆ బీజాన్ని తీసుకొని నెస్ తన పద్ధతిలో నవలగా పెంచి 2011లో వెలువరించారు. పదమూడేళ్ల కానర్ తల్లికి తీవ్రమైన జబ్బు. అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకు, ఇంటి వెనుక కొండమీది యూ అనే పెద్ద చెట్టు రాక్షస రూపంలో కిటికీ దగ్గరకు నడిచి వస్తుంది. తాను మూడు కథలు చెబుతానని, నాలుగవది కానరే చెప్పాలని, అది అతడు దాచుకున్న నిజమై ఉండాలని షరతు పెడుతుంది.

ఆ కథలు మనం పిల్లలకు చెప్పే నీతికథలకు పూర్తిగా ఎదురు. మొదటి కథలో ప్రజలు మెచ్చిన రాకుమారుడే హంతకుడు; మంత్రగత్తె అయిన రాణినే ఆ వృక్షం కాపాడి దూరంగా తీసుకుపోతుంది. కానర్‌కు ఇది అన్యాయంగా తోస్తుంది, చదివేవారికీ తోస్తుంది. ఇంకొక విషయం నన్ను బాగా కదిలించింది. తల్లి జబ్బు సంగతి తెలిసినందువల్ల బడిలో ఎవరూ కానర్‌ను దండించరు, గట్టిగా మాట్లాడరు; ఆ జాలే అతడిని అందరికీ కనబడనివాడిగా చేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిల్లలను పక్కగదిలోకి పంపి, 'ఏమీ కాదు, నువ్వు వెళ్లి చదువుకో' అనడం అలవాటు. అలా పంపబడిన పిల్లల మనసులో ఏముంటుందో ఈ నవల చెప్పినంత నిజాయితీగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకిచ్చే పురస్కారాల్లో దీని కథనానికి కార్నెగీ పతకమూ, జిమ్ కే వేసిన నలుపు తెలుపు బొమ్మలకు కేట్ గ్రీనవే పతకమూ 2012లో లభించాయి. కనుక బొమ్మలున్న ముద్రణే కొనండి, బొమ్మలు లేకుండా సగం పుస్తకమే చదివినట్టు. ఇంట్లో ఇటీవల మరణం జరిగి ఉంటే మాత్రం పెద్దవారు ముందుగా చదివి, పక్కన కూర్చుని చదివించడం మంచిది.

పుస్తకమంటేనే విసుగుపడే అబ్బాయిలకు జేసన్ రెనాల్డ్స్ రాసిన 'లాంగ్ వే డౌన్' ఇవ్వండి. 2017లో వచ్చిన ఈ నవలంతా చిన్న చిన్న వచన కవితల్లో ఉంటుంది. అన్న షాన్‌ను ఎవరో కాల్చి చంపారు. పదిహేనేళ్ల విల్ తుపాకీ తీసుకొని ప్రతీకారానికి లిఫ్టు ఎక్కాడు. అది కిందికి దిగేలోగా, ఒక్కొక్క అంతస్తులో ఇదివరకే చనిపోయిన ఒక్కొక్కరు లోపలికి వస్తారు. ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది గానీ, ముగింపు తరువాత చాలా రోజులు వదలదు.

లోయిస్ లౌరీ రాసిన 'ది గివర్' చాలామందికి తెలిసినదే కాబట్టి ఎక్కువ చెప్పను. 1993 నాటి నవల. బాధ, రంగులు, ఎంపికలు లేని సమాజంలో పన్నెండేళ్ల జోనాస్‌కు జ్ఞాపకాలు మోసే పని అప్పగిస్తారు. దీని తరువాత మరో మూడు భాగాలు వచ్చాయి. అవి తెచ్చుకునే తొందరలో మొదటి నవల చివర వదిలిన సందేహాన్ని పోగొట్టుకోవద్దని నా మనవి.

మన నేలకు దగ్గరి కథ కావాలంటే పద్మా వెంకట్రామన్ రాసిన 'క్లైంబింగ్ ద స్టెయిర్స్' ఉంది. 2008లో వచ్చింది. కాలం 1941. బొంబాయిలో ఉండే పదిహేనేళ్ల విద్య తండ్రి వైద్యుడు, స్వాతంత్ర్యోద్యమం పట్ల నిబద్ధత ఉన్నవాడు. ఒక ఊరేగింపులో పోలీసుల లాఠీ దెబ్బలకు ఆయన మెదడు దెబ్బతింటుంది. కుటుంబం మద్రాసులోని తాతగారి ఉమ్మడి ఇంటికి చేరుతుంది. అక్కడ ఆడవాళ్లు కింద, మగవాళ్లు మేడమీద, గ్రంథాలయం మేడమీద. ఆ మెట్లెక్కి పుస్తకాల దాకా వెళ్లడానికి విద్య చేసే ప్రయత్నమే కథకు వెన్నెముక. అదే సమయంలో ఆమె అన్న కిట్టా బ్రిటిష్ సైన్యంలో చేరడానికి సిద్ధపడతాడు. అహింసను నమ్మిన తండ్రి ఉన్న ఇంట్లో ఆ నిర్ణయం రేపే వేదనను రచయిత్రి ఏకపక్షంగా తేల్చేయలేదు. ఆ ఇంట్లో ఉండే యువకుడు రామన్‌తో విద్య పరిచయం నడిచే తీరు కొంచెం త్వరగా, కొంచెం అనుకూలంగా సాగిందని నాకనిపించింది. కానీ పెద్దమ్మలూ పిన్నమ్మలూ వంటింట్లో పెట్టే సూటిపోటి మాటలు, విధిలేక ఆశ్రయం పొందిన ఇంటిలో తల్లి పడే అవమానం మన నాయనమ్మలూ అమ్మమ్మలూ గుర్తుపట్టగలిగేంత నిజంగా ఉంటాయి. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి దీన్ని ఇంగ్లీషులో చదువుతూ, ఆ ఇంటి పద్ధతుల గురించి నాయనమ్మను అడిగి తెలుసుకుంటూ సాగితే, పుస్తకంలో లేని కథలు కూడా కొన్ని బయటికి వస్తాయి.