నల్గొండ స్కానింగ్ సెంటర్: డాక్టరమ్మకు ఐదు స్టార్లు, కౌంటర్‌కు రెండు

మా అల్లుడికి (అక్క కొడుకు, పద్నాలుగేళ్లు) ముక్కు సీటీ తీయించిన సెంటర్ గురించి రాస్తున్నా. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు పెట్టడం లేదు.

ఎండాకాలమంతా వాడికి ఒకటే వైపు ముక్కులోంచి రక్తం. వేడి చేసిందని అక్క సబ్జా నీళ్లు తాగించింది. ఆ వైపే ముక్కు మూసుకుపోయాక ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాం. ఆయన కెమెరా పెట్టి చూసి, ఎర్రగా గడ్డ ఉంది, స్కాన్ చూడనిదే పరీక్షకు గడ్డ నుంచి ముక్క తీయను అన్నాడు. ఈ వయసు మగపిల్లలకు వచ్చే రక్తనాళాల గడ్డ అయితే, ముక్క తీసినప్పుడు రక్తం ఆపడం కష్టమట.

కౌంటర్‌లో అబ్బాయి చీటీ సరిగా చూడకుండానే 'ప్లెయిన్' (మందు ఎక్కించకుండా తీసే స్కాన్) అని బిల్లు కొట్టబోయాడు. ఖర్చు తక్కువంట! గడ్డలోకి రక్తం ఎంత పారుతుందో తెలియాలంటే, స్కాన్‌లో రక్తనాళాలు వెలిగేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించాల్సిందే కదా. గట్టిగా చెప్తే మార్చాడు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త) పరీక్ష, ఖాళీ కడుపు, అన్నీ అయ్యాక కూడా చాలాసేపు కూర్చోబెట్టారు. బాత్‌రూమ్ సంగతి రాయను.

లోపల మాత్రం వేరే లోకం. మందు ఎక్కగానే ఒళ్లు వేడెక్కుతుందని టెక్నీషియన్ ముందే చెప్పడంతో పిల్లాడు టెన్షన్ పడలేదు. "మామా, పానమంతా కాలినట్టైంది" అని నవ్వుకుంటూ బయటకొచ్చాడు.

రేడియాలజిస్ట్ డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి స్క్రీన్ మీద చూపించింది. మందు ఎక్కాక గడ్డ తెల్లగా వెలిగింది. చెంప ఎముక లోపలి సైనస్‌కు (గాలి గదికి) వెనక గోడ మంచి వైపు నిటారుగా ఉంటే, ఇటు ముందుకు వంగిపోయింది. గడ్డ దాని వెనక సందులో పెరుగుతూ నెట్టిందట. యాంజియోఫైబ్రోమా (ఈఎన్‌టీ డాక్టర్ అనుమానించిన ఆ రక్తనాళాల గడ్డే) అనుకుంటున్నామని, ఇది క్యాన్సర్ కాదని చెప్పాకే అక్క ఏడుపు ఆపింది. పుర్రె లోపలికి పోయిందేమో ఇంకా బాగా తెలియడానికి ఎమ్మారై కూడా రాసింది. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, గడ్డకు రక్తమిచ్చే నాళాన్ని మూసేస్తారని ఓపిగ్గా చెప్పింది.

రిపోర్ట్ సాయంత్రమని తెల్లారి ఇచ్చారు. హైదరాబాద్‌లో సర్జన్ ఫిల్మ్ పక్కన పెట్టి సీడీయే అడిగాడు, ఒక్కో పొర జరుపుతూ చూసుకోవాలట. అడగనిదే ఇక్కడ సీడీ ఇవ్వరు. ఇచ్చింది కూడా అక్కడే కంప్యూటర్‌లో పెట్టించి చూసుకోండి, మాకు మొదట చేతిలో పెట్టింది ఖాళీ సీడీ.